మీ నీళ్లకు, మీ పాలకు తగిన టీ పొడిని ఎంచుకోవడం ఎలా?

"రోజూ తాగడానికి ఏ టీ పొడి మంచిది?" అని అడిగితే ఒక పేరు చెప్పి ఊరుకోవడం సులువే. రెడ్ లేబుల్ అనో, త్రీ రోజెస్ అనో, జెమినీ అనో అంటే ప్రశ్న అక్కడితో ఆగుతుంది. కానీ నెల తిరగకుండానే ఆ అడిగినవారే మళ్లీ వచ్చి, "మీరు చెప్పిందే కొన్నాం, మాకెందుకో కుదరలేదు" అంటారు. చాలాసార్లు తప్పు పొడిది కాదు. మండపేటలో కుళాయి నీళ్లు, చిక్కని గేదె పాలతో కాచిన టీ ఒక తీరు. భీమవరంలో టిన్ను నీళ్లు, ప్యాకెట్ పాలతో కాచింది ఇంకో తీరు. నరసాపురం అవతల బోరు నీళ్లతో కాచింది మరో తీరు. పొడి ఒకటే అయినా మూడు ఇళ్లలో మూడు రుచులు వస్తాయి.

అందుకే ఇక్కడ ఫలానా పొడి కొనమని చెప్పడం లేదు. మీ వంటింటి నీళ్లు, మీ ఇంటి పాలు ముందు పెట్టుకుని, రెండు మూడు పొడులను పక్కపక్కన పోల్చి, మీకు సరిపోయేది మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాను. ఒక ఆదివారం ఉదయం చాలు. ఆ తర్వాత చాలాకాలం మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

కావలసినవి

- మూడు రకాల టీ పొడులు, ఒక్కొక్కటి 100 గ్రాములకు మించకుండా. చిన్న ప్యాకెట్లు అయినా సరే, నమ్మకమైన కొట్టులో తూచి ఇచ్చే లూజు పొడి అయినా సరే.
- ఒకే కొలత ఉన్న మూడు గాజు గ్లాసులు. స్టీలు గ్లాసుల్లో రంగు సరిగా తెలియదు.
- వంటింటి తూకం యంత్రం. లేకపోతే ఒకే టీ చెంచా.
- గడియారం లేదా ఫోనులో టైమరు.
- సన్నని జాలి. డస్టు రకం, అంటే బాగా సన్నని పొడి మామూలు జాలిలోంచి జారిపోతుంది కాబట్టి పలుచని గుడ్డ ముక్క కూడా దగ్గర ఉంచుకోండి.
- మీరు రోజూ వాడే నీళ్లు, రోజూ వాడే పాలు. వేరే ఇంటి పాలు తెచ్చి పరీక్షిస్తే ఫలితం మీకు పనికిరాదు.
- కాగితం, కలం. మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మొదటి గ్లాసు రుచి గుర్తుండదు.

1. ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

కప్పు టీలో ఎక్కువ భాగం నీళ్లే. పొడి మీద నెలకు వంద రూపాయలు ఎక్కువ పెట్టడానికి సిద్ధపడేవారు కూడా నీళ్ల గురించి ఆలోచించరు. మన గోదావరి డెల్టాలో మాత్రం ఇది తప్పకుండా ఆలోచించాల్సిన విషయం. ఎందుకంటే పది కిలోమీటర్ల దూరంలోనే నీళ్లు పూర్తిగా మారిపోతాయి.

ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చే గోదావరి నీరు టీకి బాగా నప్పుతుంది. మీ ఊరి మంచినీళ్ల చెరువుకు కాలువ నీళ్లే ఎక్కితే మీ పని సగం సులువైనట్టే. అయితే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువులో నీళ్లు తగ్గి రుచి మారుతుంది. వరదల రోజుల్లో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు రక్షిత నీటి పథకాల వాళ్లు క్లోరిన్ పెంచుతారు. ఆ వాసన టీ సువాసనను మింగేస్తుంది. ఆ రోజుల్లో నీళ్లను రాత్రే వెడల్పాటి గిన్నెలో పోసి, పలుచని గుడ్డ కప్పి ఉంచండి. తెల్లారేసరికి క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది.

బోరు నీళ్లలో రెండు రకాల ఇబ్బందులు ఉంటాయి. వాటిని వేరువేరుగా గుర్తుపట్టాలి.

మొదటిది కాఠిన్యం. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? సబ్బు సరిగా నురగ రావడం లేదా? అయితే మీ నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువని అర్థం. ఇలాంటి నీళ్లతో పాలు లేని డికాషన్ కాచి ఒక పక్కన పెడితే, కాసేపటికి పైన నూనె తెట్టులాంటి పలుచని పొర కడుతుంది. చెంచాతో కదిపితే పెంకుల్లా విడిపోతుంది. రంగు నల్లగా, మసకగా ఉంటుంది. నీళ్లను ముందుగా అయిదారు నిమిషాలు మరిగించి, చల్లార్చి, అడుగు తేటపడ్డాక పైనీళ్లు వంపుకుంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

రెండోది ఉప్పు. రాజోలు, మొగల్తూరు, నరసాపురం వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా ఊళ్లలో బోర్లకు ఉప్పు తగులుతుంది. మరిగిస్తే ఉప్పు పోదు, పైగా నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఉప్పు తగిలే నీళ్లకు సరిపోయే టీ పొడి ఏదీ లేదు. ఎంత ఖరీదైనది తెచ్చినా డబ్బు దండగే. టీకి మాత్రమైనా వేరే నీళ్లు వాడండి.

ఇక టిన్ను నీళ్లు. వీటిలో చాలావరకు ఆర్వో యంత్రం నుంచి వచ్చేవే. లవణాలు బాగా తగ్గిపోయి ఉంటాయి కాబట్టి పొడిలోని సారం త్వరగా దిగుతుంది, వగరు కూడా త్వరగానే తేలుతుంది. బోరు నీళ్లకు అలవాటుపడిన కొలతతోనే టిన్ను నీళ్లలో పొడి వేస్తే టీ నాలుక పట్టేస్తుంది. నాలుగింట ఒక వంతు పొడి తగ్గించి మొదలుపెట్టండి.

చిన్న పరీక్ష: మీ ఇంట్లో రెండు రకాల నీళ్లు దొరికితే, ఇప్పుడు వాడుతున్న పొడినే రెండింటితో విడివిడిగా కాచి చూడండి. ఈ ఒక్క పరీక్షతోనే కొందరికి కొత్త పొడి కొనాల్సిన అవసరం తీరిపోతుంది.

2. పాలను బట్టి పొడి బలం నిర్ణయించుకోండి

గేదె పాలలో వెన్న సుమారు 6 నుంచి 7 శాతం ఉంటుంది. ప్యాకెట్‌లో వచ్చే టోన్డ్ పాలలో 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. ఈ తేడా టీలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాలలోని ప్రొటీన్లు టీలోని వగరును పట్టి ఉంచుతాయి, వెన్న నాలుక మీద పొరలా పరుచుకుంటుంది. అందువల్ల చిక్కని గేదె పాలలో సున్నితమైన పొడి వేస్తే పాల రుచే మిగులుతుంది. దానికి గట్టి పొడి కావాలి. టోన్డ్ పాలు వాడే ఇంట్లో అదే గట్టి పొడి గొంతు పట్టుకుంటుంది.

పాలు చిక్కగా ఉంటే టీ బాగుంటుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా నాటుకుంది. నేను దీన్ని ఒప్పుకోను. చిక్కదనం వేరు, టీ రుచి వేరు. గేదె పాలు వాడేవారు రెండు వంతుల నీళ్లకు ఒక వంతు పాలు చొప్పున ఒకసారి కాచి చూడండి. పొడి రుచి అప్పుడు తెలుస్తుంది.

3. పొడి రకం తెలుసుకోండి

ఎక్కువసేపు చెప్పుకోవాల్సిన విషయం కాదు గానీ, కొట్టులో అడగడానికి ఈ మాత్రం తెలియాలి.

మనం పాలతో కాచుకునే పొడి దాదాపు అంతా సీటీసీ రకం. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, గుండ్రంగా చుడతారు. ఇది 1930లలో అస్సాంలో మొదలైన పద్ధతి. అలా వచ్చిన పొడిని జల్లెడ పట్టి పరిమాణాన్ని బట్టి విడదీస్తారు. పెద్ద గుళికలు బీపీ, బీవోపీ వంటి రకాలు. అంతకన్నా సన్నవి పీఎఫ్, వోఎఫ్. అన్నిటికన్నా సన్ననివి పీడీ, డీ వంటి డస్టు రకాలు.

డస్టు అనగానే నాసిరకం అనుకోకండి. అదీ ఆ ఆకు నుంచి వచ్చిందే, పరిమాణమే చిన్నది. చిన్న కణం కాబట్టి రంగు, బలం త్వరగా దిగుతాయి, తక్కువ పొడితో ఎక్కువ కప్పులు వస్తాయి. దక్షిణాదిలో దీనికే ఆదరణ ఎక్కువ. గేదె పాలు వాడే ఇంటికి మంచి డస్టు రకం బాగా నప్పుతుంది. ఇబ్బందల్లా ఒకటే. అర నిమిషం ఎక్కువ మరిగినా చేదెక్కుతుంది. పొయ్యి మీద టీ పెట్టి వాకిట్లోకి వెళ్లే అలవాటు ఉన్న ఇంటికి గుళికల రకమే మేలు.

పండే చోటును బట్టి కూడా గుణం మారుతుంది. మన మన్యంలో పేరున్నది కాఫీ. టీ దాదాపు అంతా బయటి నుంచి వచ్చేదే. అస్సాం పొడికి ముదురు రంగు, నిండైన బలం ఉంటాయి. నీలగిరి పొడికి సువాసన, చురుకుదనం ఎక్కువ, రంగు తేలిక. ప్యాకెట్లలో వచ్చేవి చాలావరకు వేర్వేరు తోటల పొడుల మిశ్రమాలు. అందుకే పోలిక కోసం మూడు కొనేటప్పుడు మూడూ ఒకేలాంటివి కాకుండా చూడండి. ఒకటి డస్టు, ఒకటి అస్సాం గుళికలు, మూడోది మీరు ఇప్పటిదాకా వాడుతున్నదే. పాతది పక్కన లేకపోతే కొత్తది మెరుగో కాదో చెప్పలేరు.

4. కొనేటప్పుడు చూడవలసినవి

ప్యాకింగ్ తేదీ మొదట చూడండి. అది పొడిని కవరులో నింపిన తేదీ మాత్రమే, ఆకు కోసిన తేదీ కాదు. అయినా మన చేతికి దొరికే ఆధారం అదే. మూడు నాలుగు నెలల లోపుది దొరికితే తీసుకోండి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. ప్యాకెట్ల బరువులు ఇప్పుడు రకరకాలుగా ఉంటున్నాయి కాబట్టి మొత్తం ధరలను పోల్చకుండా గ్రాము ధర పోల్చండి.

లూజు పొడి కొంటే అరచేతిలో కొంచెం పోయించుకుని చూడండి. గింజలు దాదాపు ఒకే పరిమాణంలో ఉండాలి. పుల్లలు, నారపోగులు, బూడిద రంగు ధూళి ఎక్కువగా కనిపిస్తే వద్దనండి. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా, పొడిగా ఉండాలి. మెత్తగా అణిగితే తేమ పట్టిందన్నమాట. తర్వాత నోటి వెచ్చని గాలి దాని మీద ఊది వెంటనే వాసన చూడండి. మంచి పొడి వాసన అప్పుడు లేస్తుంది. మిరపకాయల వాసనో, సబ్బుల వాసనో, ఎండు చేపల వాసనో తగిలితే ఆ పొడి ఇంట్లో ఎంత బాగా కాచినా ఆ వాసన వదలదు. టీ పొడి చుట్టుపక్కల వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది.

5. కల్తీ ఉందేమో చూడండి

ముఖ్యంగా లూజు పొడికి ఇది తప్పనిసరి. రెండు పరీక్షలు చాలు. ఈ రెండూ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇంట్లో చేసుకోమని చెప్పినవే.

*కాగితం పరీక్ష:* నీటిని పీల్చే తెల్లటి వడపోత కాగితం మీద చిటికెడు పొడి పలుచగా చల్లండి. కాగితం తడిసేలా కొద్దిగా నీళ్లు చిలకరించండి. కాసేపయ్యాక కాగితాన్ని కుళాయి కింద కడిగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మంచి పొడి అయితే మరకలు మిగలవు. వాడేసిన ఆకును ఎండబెట్టి రంగు కలిపిందైతే నల్లగా, గోధుమ రంగుగా మరకలు నిలుస్తాయి.

*అయస్కాంతం పరీక్ష:* గాజు పలక మీద పొడి పరిచి, మీద నుంచి అయస్కాంతం తిప్పండి. ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది. రోలర్ల అరుగుదల వల్ల ఒకటి రెండు రేణువులు తగలవచ్చు. అయస్కాంతానికి కుచ్చులా పట్టుకుంటే మాత్రం ఆ పొడి వాడకండి.

ముదురు రంగు చూసి మంచి పొడి అనుకునే అలవాటు వల్లే రంగు కలిపేవాళ్ల వ్యాపారం సాగుతోంది. నీళ్లలో వేయగానే గుప్పున రంగు దిగితే సంతోషించకండి, అనుమానించండి.

6. పోలిక: మొదట పాలు లేకుండా

అసలు పని ఇదే. తొందర లేకుండా చేయండి.

టీ రుచి చూడటానికి ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు 2 గ్రాముల పొడి, 6 నిమిషాలు నానబెట్టడం. తాగడానికి ఇది ఘాటుగా ఉంటుంది. కానీ లోపాలు బయటపడాలంటే ఘాటుగానే ఉండాలి.

ఇంటి తూకాలు 2 గ్రాములను కచ్చితంగా చూపలేవు. కాబట్టి 10 గ్రాములు తూచి, కాగితం మీద అయిదు సమాన కుప్పలు చేయండి. ఒక్కో కుప్ప 2 గ్రాములు. చెంచాతో కొలిస్తే ఒక చిక్కు ఉంది: డస్టు ఒత్తుగా కూర్చుంటుంది, గుళికలు వదులుగా ఉంటాయి. చెంచా ఒకటే అయినా బరువు ఒకటి కాదు. తూకం లేనివారు డస్టును చెంచా అంచుకు కొంచెం తక్కువగా, గుళికలను అంచుకు నిండుగా తీసుకోండి.

మూడు గ్లాసుల అడుగున గుర్తు రాసిన చీటీలు అంటించండి. ఏ గ్లాసులో ఏ పొడి ఉందో రుచి చూసేవారికి తెలియకూడదు. ధర తెలిస్తే నాలుక ధర వైపే మొగ్గుతుంది. పొడులు వేసి, గ్లాసులు పగలకుండా ఒక్కో దానిలో స్టీలు చెంచా నిలబెట్టి, సలసల మరిగే నీళ్లు ఒకదాని వెంట ఒకటి పోయండి. మూతలు పెట్టి, 6 నిమిషాలు అయ్యాక అదే వరుసలో వడగట్టండి.

ఇప్పుడు వెలుతురులో రంగు చూడండి. ఎర్రగా, లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటే మంచిది. నల్లగా, మసకగా ఉంటే పొడి పాతదైనా కావచ్చు, నీళ్లు కఠినమైనవైనా కావచ్చు. మూడూ మసకగానే ఉంటే తప్పు నీళ్లదే. మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లండి.

గోరువెచ్చగా అయ్యాక చెంచాడు చొప్పున చప్పరిస్తూ నోరంతా తగిలేలా రుచి చూడండి. రెండు విషయాలు రాసుకోండి. ఒకటి వగరు: చిగుళ్లు పట్టినట్టు ఉండి వెంటనే తేలిపోతే అది మంచి చురుకు, నిమిషం తర్వాత కూడా నాలుక గరుకుగానే ఉంటే అది ముతక వగరు. రెండోది వాసన: కాల్చిన వాసన, పొగ వాసన, తడి గోనెసంచి వాసన ఏదైనా ఉందా?

గ్లాసులను ఒక పక్కన చల్లారనివ్వండి. బాగా చల్లారాక కొన్ని డికాషన్లు పాలు కలిపినట్టు మబ్బుగా మారతాయి. దాన్ని చూసి కంగారుపడకండి. అది బలమైన పొడికి గుర్తు, వేడి చేస్తే మళ్లీ తేటగా మారుతుంది. కఠినమైన నీళ్ల వల్ల వచ్చే తెట్టు మాత్రం పైన పొరగానే ఉంటుంది, వేడి చేసినా పోదు. ఈ రెంటినీ కలగలిపి మంచి పొడిని పారేసినవారు ఉన్నారు.

హెచ్చరిక: నోట్లో తాపేశ్వరం కాజా తీపో, ఆవకాయ కారమో ఉండగా రుచి చూడకండి. గ్లాసుకు గ్లాసుకు మధ్య గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించండి.

7. పోలిక: పాలతో

మళ్లీ మూడు గ్లాసుల డికాషన్ తాజాగా తీయండి. ఒక్కో దానిలో కాచిన వేడి పాలు రెండు పెద్ద చెంచాలు సమంగా కలపండి. చక్కెర వేయకండి.

మంచి పొడి పాలు కలిశాక కూడా ఎరుపు జాడ వదలదు. ఇటుక రంగుకు, బంగారు రంగుకు మధ్యలో నిలుస్తుంది. బలం లేనిది బూడిద కలిసిన గోధుమ రంగులోకి మారిపోతుంది. పాలు లేనప్పుడు గెలిచిన పొడి ఇక్కడ ఓడిపోవడం తరచుగా జరుగుతుంది. నీలగిరి పొడులు చాలా ఇళ్లలో ఇలాగే ఓడిపోతాయి. పాలతోనే తాగేవారైతే ఈ రెండో ఫలితమే లెక్కలోకి తీసుకోండి. పాలు లేకుండా నిమ్మరసం పిండుకుని తాగేవారు మొదటి ఫలితం పట్టుకోండి.

ఇంట్లో టీ తాగే ప్రతివారి చేతా రుచి చూపించి, చీటీలు తీసే ముందే అందరి మాటా రాసుకోండి. ఇద్దరి మధ్య పట్టు కుదరకపోతే రెండు పొడులు సగం సగం కలిపి చూడండి. ఒక వంతు డస్టు, రెండు వంతుల గుళికల పొడి కలిపితే బలం, వాసన రెండూ దక్కుతాయి. నాకు అన్నిటికన్నా నచ్చిన మార్గం ఇదే. ప్యాకెట్ల మిశ్రమాలు కూడా ఇలా కలిపి తయారయ్యేవే, మీ ఇంటికి మీరు కలుపుకుంటే తప్పేమీ లేదు.

8. కప్పు ధర లెక్కగట్టండి

ప్యాకెట్ ధర చూసి చవక, ఖరీదు అనకండి. ఉదాహరణకు, 250 గ్రాములు 150 రూపాయల పొడి కప్పుకు 3 గ్రాములు సరిపోతే 83 కప్పులు వస్తాయి. కప్పుకు సుమారు 1 రూపాయి 80 పైసలు. అదే బరువు 110 రూపాయలకే వచ్చే పొడి కప్పుకు 4.5 గ్రాములు పడితే 55 కప్పులే. కప్పుకు 2 రూపాయలు. చవకది ఖరీదైంది. ఈ లెక్క మీ మూడు పొడులకూ వేసి, రుచిలో సమానంగా నిలిచిన వాటిలో కప్పు ధర తక్కువున్నది ఎంచుకోండి.

9. ఎంచుకున్న పొడిని మూడు రోజులు మామూలుగా కాచి చూడండి

రుచి చూసే కొలత వేరు, రోజూ కాచే కొలత వేరు. ఇద్దరికి, అంటే సుమారు 150 మిల్లీలీటర్ల చొప్పున రెండు కప్పులకు:

నీళ్లు 200 మిల్లీలీటర్లు మరిగించండి. అల్లం వేసేటట్టయితే దంచి ఇప్పుడే వేసి రెండు నిమిషాలు మరగనివ్వండి. పచ్చి అల్లంలో పాలను విరిచే గుణం ఉంది, నీళ్లలో ముందే ఉడికితే అది పోతుంది. తర్వాత పొడి 5 నుంచి 6 గ్రాములు వేసి మంట తగ్గించండి. డస్టు అయితే ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు, గుళికలైతే మూడు నాలుగు నిమిషాలు. వేరే పొయ్యి మీద కాగిన పాలు 120 మిల్లీలీటర్లు పోసి, ఒక్క పొంగు రానిచ్చి, నిమిషం సన్న మంట మీద ఉంచి వెంటనే వడగట్టండి. చక్కెర చివర్లో.

బెల్లం టీ కావాలంటే పొయ్యి కట్టేశాక, ముందే కరిగించి వడగట్టిన బెల్లం కలపండి. బెల్లంలోని పులుపు వల్ల మరుగుతున్న పాలు విరుగుతాయి. వేసవి సాయంత్రం, పొద్దున్న పితికిన పాలతో బెల్లం టీ పెట్టేవారు ముందు చెంచాడు పాలు విడిగా కాచి విరుగుతాయేమో చూసుకోవడం మంచిది.

రుచి కుదరలేదా? పొడి మార్చే ముందు ఇవి సరిచూడండి:

- చేదుగా ఉంటే మరిగే సమయం తగ్గించండి. పొడి తగ్గించకండి.
- పలుచగా ఉంటే పొడి పెంచండి. ఎక్కువసేపు మరిగించకండి. చాలామంది దీన్నే తిరగేసి చేస్తారు, పలుచని టీని పది నిమిషాలు మరిగించి చేదు తెచ్చుకుంటారు.
- రంగు ఉండి రుచి లేకపోతే పొడి పాతది, లేదా రంగు కలిపింది. అయిదో మెట్టు పరీక్ష చేయండి.
- మొదటి రోజు బాగుండి మూడో రోజు మారిపోతే పాలు మారాయేమో అడగండి. గేదె ఈని నెలలు గడిచిన కొద్దీ పాలు చిక్కబడతాయి, పాలవాడు నీళ్లు కలిపితే పలుచబడతాయి. పొడికి సంబంధం లేదు.

రంగు కోసం వంట సోడా చిటికెడు వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది నీళ్లను క్షారంగా మార్చి రంగు ముదిరేలా చేస్తుంది, వాసనను చంపేస్తుంది. వడగట్టిన పిప్పిలోనే మళ్లీ కొంచెం పొడి వేసి మధ్యాహ్నం టీ కాచడం ఇంకో పొరపాటు. మొదటిసారి మిగిలిన ముతక వగరంతా రెండోసారి దిగుతుంది.

ఎప్పుడు తాగాలన్నది కూడా చూసుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత వరకు టీ, కాఫీ వద్దంటున్నాయి. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటపట్టనివ్వవు. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదనీ, కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందనీ అవే చెబుతున్నాయి. రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు ఉన్న ఇంట్లో అన్నం తినగానే టీ పెట్టే అలవాటు మానండి.

10. డెల్టా తేమ నుంచి కాపాడండి

ఇంత కష్టపడి ఎంచుకున్న పొడి మన గాలిలో పదిహేను రోజుల్లో పాడైపోవచ్చు. జడివానలు పట్టిన రోజుల్లో ఉప్పు డబ్బాలో ఉప్పు కరిగిపోతున్నదంటే టీ పొడి కూడా అంతే తేమ పీలుస్తోందని గుర్తు.

బిగువైన మూత ఉన్న స్టీలు డబ్బా వాడండి. పొడిని కవరుతో సహా అందులో పెట్టి, కవరు మూతి మడిచి క్లిప్పు పెడితే ఇంకా మంచిది. పొయ్యి పైనున్న అల్మరాలో వద్దు, అక్కడ ఆవిరి చేరుతుంది. కారం, ఇంగువ, ఎండు చేపల డబ్బాలకు దూరంగా ఉంచండి. యాలకులు వేసి ఉంచాలనుకుంటే చిన్న డబ్బాలో వారానికి సరిపడా పొడిలో మాత్రమే వేయండి. తడి చెంచా పెట్టకండి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీసిన ప్రతిసారీ నీటి బిందువులు పడతాయి, వద్దు.

పొడి ఉండలు కట్టిందా? వేళ్లతో నలిపితే విడిపోయి, వాసన బాగుంటే వెంటనే వాడేయండి. బూజు వాసన వస్తే పారేయండి. ఎండలో పెట్టి బాగుచేయాలని చూడకండి, మిగిలిన సువాసన కూడా ఎండకే పోతుంది.

నలుగురున్న ఇంటికి ఒకసారికి 250 గ్రాములు చాలు. రాయితీ ఉందని వానాకాలం ముందు కిలోలు కొనకండి. కొత్త ప్యాకెట్ తెరిచేటప్పుడు పాతదానిలో రెండు చెంచాలు మిగిల్చి, రెండింటినీ ఆరో మెట్టులో చెప్పినట్టు పక్కపక్కన నానబెట్టండి. పాతది వెలవెలబోతే మీ డబ్బా మూత మార్చండి. కొత్తదే వెలవెలబోతే ప్యాకింగ్ తేదీ చూసి, బిల్లుతో సహా కొట్టుకు తీసుకెళ్లి మార్చి ఇమ్మని అడగండి.